'ఒక లేడీస్' నుంచి 'సాఫ్ట్‌వేర్స్' దాకా: ఇంగ్లీష్ ఏకవచనం, బహువచనం మన తెలుగు చెవితోనే సరిచేసుకోవడం ఎలా

సాయంత్రం ఆరున్నరకి దిల్‌సుఖ్‌నగర్‌లో సిటీ బస్సు ఎక్కితే ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "అన్నా, ఒక లేడీస్ నిలబడ్డది, జర లేవరాదే." ఇద్దరు ఎక్కారనుకోండి, వాళ్లు 'లేడీసులు' అయిపోతారు. నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు, ఎందుకంటే ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది, తెలుగు మాటకి తెలుగు బహువచనం తగిలించుకున్నాం, అంతే. చిక్కల్లా అదే మనిషి మర్నాడు ఇంటర్వ్యూలో కూర్చుని 'వన్ లేడీస్ వాజ్ స్టాండింగ్' అన్నప్పుడు వస్తుంది.

నాకు వచ్చింది కూడా. మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఆఫీసర్‌కి ఒక మెయిల్ పెట్టా: 'ప్లీజ్ సెండ్ మీ ది ఇన్ఫర్మేషన్స్ అబౌట్ ది ఎక్విప్‌మెంట్స్ అండ్ సాఫ్ట్‌వేర్స్' అని. ఒక్క లైన్లో మూడు తప్పులు. ఆయన ఏమీ అనలేదు, జవాబులో ఆ మూడు మాటల్నీ చివర ఎస్ లేకుండా రాసి పంపాడు. నేనేమో పాపం ఈయనకి గ్రామర్ సరిగా రాదేమో అనుకుని రెండు వారాలు లోలోపల జాలిపడ్డాను.

బడిలో ఈ పాఠం చదవలేదా అంటే చదివాను. కౌంటబుల్ అంటే లెక్కపెట్టగలిగేవి, అన్‌కౌంటబుల్ అంటే లెక్కపెట్టలేనివి అని డెఫినిషన్ అప్పజెప్పి మార్కులు కూడా తెచ్చుకున్నా. కానీ ఆ డెఫినిషన్ ఎందుకూ పనికిరాదు. ఇంట్లో కుర్చీలు, మంచాలు, బీరువా శుభ్రంగా లెక్కపెట్టొచ్చు, అయినా 'ఫర్నిచర్' అన్‌కౌంటబుల్. జేబులో డబ్బులు రోజూ లెక్కపెడతాం, అయినా 'మనీ' అన్‌కౌంటబుల్. కాబట్టి వస్తువుని చూడకండి, మాటని చూడండి. ఇంకో సంగతి, మన తప్పుల్లో చాలావరకు తెలుగు లెక్కని ఇంగ్లీష్‌లోకి ఉన్నదున్నట్టు మోసుకెళ్లడం వల్లే వస్తాయి. అలాంటప్పుడు మందు కూడా తెలుగులోంచే తీసుకుందాం.

మెట్టు 1: 'ఎంత', 'ఎన్ని' అని అడిగి చూడండి

ఇల్లు కడుతున్న చోట నిలబడితే మేస్త్రీ "ఇసుక ఎంత, ఇటుకలు ఎన్ని" అని అడుగుతాడు. "ఇసుక ఎన్ని" అని చస్తే అనడు. ఆయనకి గ్రామర్ ఎవరూ నేర్పలేదు, కానీ కౌంటబుల్, అన్‌కౌంటబుల్ తేడా పక్కాగా తెలుసు. 'ఎంత' వచ్చే చోట ఇంగ్లీష్‌లో 'హౌ మచ్', 'ఎన్ని' వచ్చే చోట 'హౌ మెనీ'. మనుషులైతే 'ఎంతమంది' అంటాం, అందులో 'ఎంత' ఉంది కదా అని మోసపోవద్దు, అది కూడా 'హౌ మెనీ'నే.

ఇలాగే 'కొంచెం' వస్తే 'ఎ లిటిల్', 'కొన్ని' వస్తే 'ఎ ఫ్యూ'. ఇక్కడే ఒక చిన్న మెలిక: ముందున్న 'ఎ' తీసేస్తే అర్థం తిరగబడుతుంది. 'ఐ హావ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్ ఇన్ హైదరాబాద్' అంటే కొందరున్నారు, పర్లేదు అని. 'ఐ హావ్ ఫ్యూ ఫ్రెండ్స్' అంటే పెద్దగా ఎవరూ లేరని దిగులు. 'సమ్', 'ఎ లాట్ ఆఫ్', 'ఎనఫ్' మాత్రం రెండు రకాలకీ సరిపోతాయి, అనుమానం వచ్చినప్పుడు వాటి వెనక దాక్కోవచ్చు, నేనూ అదే చేస్తా.

ఈ పరీక్ష పదిలో ఎనిమిది సార్లు నిలబడుతుంది. దెబ్బతినేది వంటింట్లో. "గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు పోయాలి", "కొన్ని పాలు పోయి" అంటాం కదా. నీళ్లు, పాలు, వడ్లు, కందులు, పెసలు లాంటివి తెలుగులో ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి, వీటిని నిత్యబహువచనాలు అంటారు. 'నీరు' అనే మాట ఉంది గానీ అది పుస్తకాల్లోనూ బోర్డుల మీదా తప్ప ఇంట్లో ఎవరి నోటా రాదు. అందుకే 'ది మిల్క్ ఆర్ హాట్' అనే వాక్యం మన చెవికి తప్పుగా తగలదు. అది తప్పే, 'ది మిల్క్ ఈజ్ హాట్' అనాలి.

కాబట్టి వంటింటి సామానుకి రెండో ప్రశ్న వేయండి: దీన్లోంచి ఒకటి తీసి చేతిలో పెట్టగలనా? 'ఒక పాలు' అనలేం, కాబట్టి అన్‌కౌంటబుల్. అయితే గింజల దగ్గరికొచ్చేసరికి ఇది కూడా తడబడుతుంది, ఆ తప్పు మాత్రం మనది కాదు, ఇంగ్లీష్‌కే లెక్క సరిగా లేదు. 'రైస్', 'వీట్' అన్‌కౌంటబుల్, కానీ 'ఓట్స్', 'లెంటిల్స్', 'పీస్' (బఠాణీలు) బహువచనాలు. మనమేం తక్కువ తినలేదు. వడ్లు దంచగానే బియ్యం అయిపోయి 'లు' ఊడిపోతుంది, మళ్లీ క్రియ మాత్రం "బియ్యం అయిపోయాయి" అని బహువచనంలో పెడతాం.

బఠాణీ సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. పాత ఇంగ్లీష్‌లో బఠాణీని 'పీజ్' అనేవాళ్లు, అది ఏకవచనమే. చివర జ్ అని వినపడేసరికి జనం దాన్ని బహువచనం అనుకుని, ఆ తోక కోసేసి 'పీ' అనే కొత్త ఏకవచనం పుట్టించారు. 'చెర్రీ' కూడా అలాగే పుట్టింది. అంటే మనం 'లేడీస్'తో చేసిన పొరపాటుని వాళ్లు తిరగేసి చేశారు, ఇప్పుడు అదే కరెక్ట్ ఇంగ్లీష్. మీరు తప్పు మాట్లాడినప్పుడు ఎవరైనా నవ్వితే బఠాణీని తలుచుకోండి.

మెట్టు 2: జంట మాటలు పట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ టైం దీని మీద పెట్టండి. అన్‌కౌంటబుల్ మాటల లిస్టు బట్టీ పడితే వారంలో మర్చిపోతారు. దానికి బదులు ప్రతి అన్‌కౌంటబుల్ మాట పక్కన లెక్కపెట్టడానికి వీలయ్యే ఒక తోడు మాటని కూర్చోబెట్టండి. తెలుగులో మనం చేసే పనే అది. తలమీద ఉన్నంతసేపూ 'జుట్టు', సాంబారులో పడితే 'వెంట్రుక'. జుట్టుని ఎవరూ లెక్కపెట్టరు, వెంట్రుకని ఒకటి అంటారు, రెండు అంటారు, హోటల్ వాడితో గొడవ కూడా పెట్టుకుంటారు. ఇంగ్లీష్‌లో రెండిటికీ 'హెయిర్' ఒకటే మాట, కానీ తేడా అలాగే ఉంది: 'హర్ హెయిర్ ఈజ్ లాంగ్' అంటే జుట్టు, 'దేర్ ఈజ్ ఎ హెయిర్ ఇన్ మై సాంబార్' అంటే వెంట్రుక. 'హర్ హెయిర్స్ ఆర్ లాంగ్' అంటే వెంట్రుకలు ఒక్కొక్కటీ కొలిచినట్టు ఉంటుంది.

'సమాచారం', 'వివరాలు' ఇంకో మంచి జంట. 'ఇన్ఫర్మేషన్' మన సమాచారం, దానికి 'లు' ఉండదు. 'డీటెయిల్స్' మన వివరాలు. సమాచారాలు పంపండి అని తెలుగులో అనం కదా, ఇంగ్లీష్‌లోనూ అనకండి, అంతే. 'లగేజ్' అంటే సామాను, లెక్క కావాలంటే 'బ్యాగ్స్'. 'ఫర్నిచర్'కి తోడు 'చెయిర్స్', 'టేబుల్స్'. 'ట్రాఫిక్'కి తోడు 'వెహికల్స్', కాబట్టి మైత్రీవనం దగ్గర ఎంత ఇరుక్కున్నా సరే 'హెవీ ట్రాఫిక్స్' కాదు, 'హెవీ ట్రాఫిక్'. 'హోంవర్క్'కి 'అసైన్‌మెంట్స్', 'రీసెర్చ్'కి 'స్టడీస్', 'ఎక్విప్‌మెంట్'కి 'మెషీన్స్' లేదా 'టూల్స్', 'మనీ'కి 'రూపీస్'.

తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే జంటలూ ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఆగండి. పాట్ మార్కెట్‌లో కొనేవి 'నగలు', బహువచనం. ఇంగ్లీష్‌లో 'జ్యువెలరీ' అన్‌కౌంటబుల్, 'జ్యువెలరీస్' అనకూడదు, లెక్క కావాలంటే 'ఆర్నమెంట్స్'. మనకి 'సలహాలు' ఉన్నాయి, వాళ్లకి 'అడ్వైస్' ఒక్కటే, దానికి ఎస్ లేదు, ముందు 'యాన్' కూడా రాదు. 'గివ్ మీ సమ్ అడ్వైస్' అనాలి, లేదా హాయిగా 'సజెషన్స్' అనేయండి. సబ్బులు మనం అరడజను కొంటాం, ఇంగ్లీష్‌లో 'సోప్' అన్‌కౌంటబుల్, 'టూ సోప్స్' బదులు 'టూ బార్స్ ఆఫ్ సోప్'. 'న్యూస్' చివర ఎస్ ఉన్నా ఏకవచనం, పైగా అన్‌కౌంటబుల్, అందుకే "ఒక గుడ్ న్యూస్ చెప్తా" అని తెలుగులో ఎంత హాయిగా అన్నా, ఇంగ్లీష్‌లో 'ఐ హావ్ సమ్ గుడ్ న్యూస్' అనాలి.

ఇక 'వర్క్'. "ఇవాళ నాకు చాలా పనులున్నాయి" అనే వాక్యాన్ని ఎంతమంది 'ఐ హావ్ మెనీ వర్క్స్' అని తిప్పుతారో. ఉద్యోగం, శ్రమ అనే అర్థంలో 'వర్క్' అన్‌కౌంటబుల్. 'వర్క్స్' అంటే ఒక రచయిత రాసినవో, చిత్రకారుడు గీసినవో, లేదంటే రోడ్డు తవ్వే పనులో. మీరు కరెంటు బిల్లు కట్టి, పిల్లాణ్ణి స్కూలు నుంచి తెచ్చి, గ్యాస్ బుక్ చేయాలంటే అవి 'టాస్క్స్' లేదా 'థింగ్స్ టు డూ'.

ఊరంతా చేసే తప్పుని చివరికి ఉంచా. సాఫ్ట్‌వేర్ మీదే బతికే ఈ నగరంలో, మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ క్యాంటీన్‌లో చెవి పెట్టినా 'సాఫ్ట్‌వేర్స్' వినిపిస్తుంది. ఆ మాట అన్‌కౌంటబుల్. 'టూ సాఫ్ట్‌వేర్స్' కాదు, 'టూ ప్రోగ్రామ్స్' లేదా 'టూ అప్లికేషన్స్'. 'కోడ్' కూడా అంతే, ప్రోగ్రామర్ రాసేది 'కోడ్', 'ఐ రోట్ సమ్ కోడ్' అనాలి, కానీ పేమెంట్ కోసం స్కాన్ చేసేవి లెక్కపెట్టొచ్చు కాబట్టి 'క్యూఆర్ కోడ్స్'. 'ఫీడ్‌బ్యాక్'కీ ఎస్ లేదు. ట్రైనింగ్ రెండుసార్లు జరిగితే 'టూ ట్రైనింగ్ సెషన్స్'.

తోడు మాట దొరక్కపోతే కొలత మాట వాడండి. ఇందులో మన భాషకి వంక పెట్టలేరు: చిటికెడు ఉప్పు, పిడికెడు బియ్యం, గుక్కెడు నీళ్లు, ముద్ద అన్నం, ఆఖరికి పూలు లెక్కపెట్టగలిగినా మల్లెలు మూరల్లోనే కొంటాం. ఇంగ్లీష్‌లోనూ ఇలాగే 'ఎ పించ్ ఆఫ్ సాల్ట్', 'ఎ గ్రెయిన్ ఆఫ్ రైస్', 'ఎ లోఫ్ ఆఫ్ బ్రెడ్', 'ఎ షీట్ ఆఫ్ పేపర్'. ఏదీ తోచకపోతే 'ఎ పీస్ ఆఫ్' ఉండనే ఉంది: 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', 'ఎ పీస్ ఆఫ్ ఫర్నిచర్', 'ఎ పీస్ ఆఫ్ న్యూస్'. బహువచనం చేయాలంటే కొలతకే ఎస్ పెట్టాలి, లోపలి సరుకుకి కాదు: 'త్రీ పీసెస్ ఆఫ్ లగేజ్'.

మెట్టు 3: ఏకవచనాన్ని ఒంటరిగా వదలకండి

చిన్న రూలే, కానీ ఇది పట్టుబడితే మీ ఇంగ్లీష్ ఒక్కసారిగా పైమెట్టు ఎక్కుతుంది. కౌంటబుల్ మాట ఏకవచనంలో ఉంటే దాని ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి: 'ఎ', 'యాన్', 'ది', 'మై', 'దిస్', 'ఎవ్రీ', ఏదైనా సరే. తెలుగులో "నాకు బండి ఉంది" అంటే సరిపోతుంది, కాబట్టి 'ఐ హావ్ బైక్' అనేస్తాం. 'ఐ హావ్ ఎ బైక్' అనాలి. బహువచనమైతే ఒంటరిగా నిలబడగలదు: 'ఐ లైక్ బైక్స్'. అన్‌కౌంటబుల్ కూడా నిలబడగలదు: 'ఐ నీడ్ వాటర్'. 'బై బస్', 'యట్ హోమ్' లాంటి కొన్ని అతుక్కుపోయిన మాటల్ని అలాగే గుర్తుపెట్టుకోండి.

'ఎ'కీ 'యాన్'కీ మధ్య ఎంపిక అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి. 'యాన్ అవర్' (హెచ్ పలకదు), 'ఎ యూనివర్సిటీ' (యూ అని మొదలవుతుంది, అచ్చు కాదు).

మెట్టు 4: బహువచనం చేయడం

మామూలుగా ఎస్ పెట్టండి. చివర ఎస్, ఎక్స్, జడ్, సీహెచ్, ఎస్‌హెచ్ ఉంటే ఈఎస్: 'బసెస్', 'బాక్సెస్', 'బ్రషెస్'. చివర వై ఉండి దాని ముందు హల్లు ఉంటే వై పోయి ఐఈఎస్ వస్తుంది, 'లేడీ' 'లేడీస్' అయ్యేది అలాగే. వై ముందు అచ్చు ఉంటే ఒట్టి ఎస్ చాలు: 'కీస్', 'మంకీస్'. చివర ఓ ఉన్నవాటికి తిన్నగా రూల్ లేదు, 'పొటాటో', 'టొమాటో', 'హీరో'లకి ఈఎస్, 'ఫోటో', 'వీడియో', 'పియానో', 'కిలో'లకి ఎస్, 'మ్యాంగో'కి ఎలా రాసినా ఒప్పే. ఎఫ్‌తోనో ఎఫ్‌ఈతోనో ముగిసేవి కొన్ని వీ అవుతాయి ('నైవ్స్', 'వైవ్స్', 'లీవ్స్', 'థీవ్స్'), కొన్ని మారవు ('రూఫ్స్', 'చీఫ్స్', 'బిలీఫ్స్').

పలకడం మీద ఒక్క మాట. రాసేది ఎస్ అయినా అన్నిసార్లూ స్ అని పలకదు. పీ, టీ, కే శబ్దాల తర్వాత స్: 'కప్స్', 'బుక్స్'. స్, ష్, చ్ లాంటి బుసకొట్టే శబ్దాల తర్వాత ఇజ్: 'బసిజ్'. మిగతా చాలా చోట్ల జ్: 'డాగ్జ్', 'కార్జ్'. ఈ జ తెలుగు జ కాదు, 'జిందగీ'లో జ. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఇది కాస్త సులువు, చుట్టూ ఉర్దూ వినిపిస్తుంది కాబట్టి. అన్నట్టు, మన చెవికి ఒకే రోజులో మూడు రకాల బహువచనాలు తగులుతాయి: తెలుగు 'లు', ఇంగ్లీష్ ఎస్, పాతబస్తీ దక్కనీలో 'లోగాఁ', 'బాతాఁ' అని ముక్కుతో సాగదీసే 'ఆఁ'.

ఇక రూల్‌కి లొంగనివి: 'మ్యాన్, మెన్', 'ఫుట్, ఫీట్', 'టూత్, టీత్', 'మౌస్, మైస్', 'గూస్, గీస్', 'చైల్డ్, చిల్డ్రన్', 'ఆక్స్, ఆక్సెన్'. వీటిని చూసి ఇంగ్లీష్‌కి పిచ్చెక్కిందని తిట్టేవాళ్లు ఒకసారి అద్దంలో చూసుకోవాలి. పన్ను ఒకటైతే పన్ను, రెండైతే పళ్లు. కన్ను, కళ్లు. ఇల్లు, ఇళ్లు. చెయ్యి, చేతులు. పండు బహువచనం కూడా పళ్లే. పరాయివాడికి ఇది నేర్పి చూడండి, తెలుస్తుంది. అసలు 'ఫుట్' 'ఫీట్' ఎందుకైందో చూస్తే మన భాషే గుర్తొస్తుంది. చాలా పాత కాలంలో ఆ మాట బహువచనం చివర ఇ లాంటి శబ్దం ఉండేది, అది ముందున్న అచ్చుని తనవైపు లాగేసింది, తర్వాత తను రాలిపోయింది, లాగుడు మాత్రం మిగిలింది. తెలుగులో ఆ లాగుడు ఇప్పటికీ నడుస్తోంది: 'గది'కి 'లు' చేరిస్తే 'గదిలు' కాదు, 'గదులు'. లులో ఉన్న ఉ వెనక్కి వెళ్లి దిలో ఉన్న ఇని మార్చేసింది.

'వుమన్' జాగ్రత్త. స్పెల్లింగ్‌లో మారేది చివర, నోట్లో బాగా తెలిసేది మాత్రం మొదట: 'వుమన్', 'విమిన్'. రెండూ ఒకేలా పలికితే వినేవాళ్లకి ఒకరో ఇద్దరో తెలియదు.

'షీప్', 'డీర్', 'ఎయిర్‌క్రాఫ్ట్', 'సిరీస్', 'స్పీషీస్' ఒకటైనా వందైనా మారవు. లాటిన్, గ్రీకు నుంచి వచ్చినవాటిలో ఆఫీసుకి, కాలేజీకి పనికొచ్చేవి నాలుగు చాలు: 'క్రైటీరియన్, క్రైటీరియా', 'ఫినామినన్, ఫినామినా', 'క్రైసిస్, క్రైసీస్', 'అనాలిసిస్, అనాలిసీస్'. 'దిస్ క్రైటీరియా' అని పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లలో కూడా వస్తుంది, అది తప్పు. 'డేటా' మాత్రం పుట్టుకతో బహువచనమైనా, ఇప్పుడు కంప్యూటర్ పనిలో 'డేటా ఈజ్' అనడమే ఎక్కువ. 'అజెండా' కూడా లాటిన్‌లో బహువచనమే, ఇంగ్లీష్‌లో ఏకవచనమైపోయింది.

అత్తగార్లు ఇద్దరైతే 'మదర్స్ ఇన్ లా', ఎస్ మదర్‌కే, లాకి కాదు.

మెట్టు 5: అంకెల దగ్గర తడబడకండి

"ఐదు వేలు ఇవ్వు" అంటాం, అందుకే 'ఫైవ్ థౌజండ్స్' అని నోరు జారుతుంది. ముందు కచ్చితమైన అంకె ఉంటే 'హండ్రెడ్', 'థౌజండ్', 'మిలియన్'లకి ఎస్ రాదు: 'ఫైవ్ థౌజండ్ రూపీస్'. అంకె లేకుండా ఊరికే చాలా అని చెప్పేటప్పుడే ఎస్: నుమాయిష్‌కి (హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కి) వేలమంది వచ్చారంటే 'థౌజండ్స్ ఆఫ్ పీపుల్'.

దీనికంటే గట్టి ముడి 'పది రూపాయల నోటు'. తెలుగులో 'రూపాయల' అని బహువచనం పెట్టాలి, కాబట్టి 'టెన్ రూపీస్ నోట్' అంటాం. ఇంగ్లీష్‌లో అంకె, కొలత కలిసి ఇంకో మాట ముందు విశేషణంలా నిలబడితే కొలత ఏకవచనమే: 'ఎ టెన్ రూపీ నోట్', 'ఎ ఫైవ్ ఇయర్ ఓల్డ్ బాయ్', 'ఎ త్రీ డే ట్రిప్', మధ్యలో హైఫన్లు పెట్టి రాస్తారు. గుర్తుండాలంటే చార్మినార్‌ని చూడండి. చార్ అని నాలుగు చెప్పేశాక మీనార్‌కి వేరే తోక అక్కర్లేదు, ఉర్దూలో ఒక మీనార్‌ అయినా నాలుగైనా అదే మాట. 'ఎ ఫోర్ స్టోరీ బిల్డింగ్' కూడా చార్మినార్ పద్ధతే.

'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? "నా ఫ్రెండ్ ఒకడు" నుంచి. దాన్ని మనసులో "నా ఫ్రెండ్స్‌లో ఒకడు" అని మార్చుకుని అప్పుడు ఇంగ్లీష్‌లోకి వెళ్లండి: 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్', క్రియ మాత్రం ఒకడిది కాబట్టి 'ఈజ్'.

మెట్టు 6: రెండు ముఖాల మాటలు

లాడ్‌బజార్‌కి వెళ్తే కొనేది గాజులు. కిటికీకి పెట్టేది గాజు. 'లు' చేరగానే సరుకు కాస్తా వస్తువైపోయింది. ఇంగ్లీష్ 'గ్లాస్' కథా సరిగ్గా ఇదే: 'గ్లాస్' అంటే గాజు, 'ఎ గ్లాస్' అంటే తాగే గ్లాసు, 'గ్లాసెస్' అంటే కళ్లజోడు కూడా. (లాడ్‌బజార్‌లో పేరున్నవి లక్క గాజులు, అంటే గాజు లేని గాజులు, అది వేరే సంగతి.)

'చికెన్' అంటే ప్లేట్లో ముక్కలు, 'ఎ చికెన్' అంటే నడిచే కోడి. 'ఐ ఏట్ ఎ చికెన్' అంటే కోడిని మొత్తం లాగించారని అర్థం, బిర్యానీ మీద ఎంత ప్రేమున్నా అలా చెప్పుకోకండి. 'పేపర్' కాగితం, 'ఎ పేపర్' న్యూస్ పేపరో పరీక్ష పేపరో. 'ఎక్స్‌పీరియన్స్' పని అనుభవం, 'త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్' అని రెజ్యూమెలో రాసేది ఇదే, 'ఎక్స్‌పీరియన్సెస్' జీవితంలో ఎదురైనవి. 'టైమ్' సమయం, 'త్రీ టైమ్స్' మూడుసార్లు. 'రూమ్' చోటు, 'ఎ రూమ్' గది, కాబట్టి ఆటోలో 'నో రూమ్' అంటే గది లేదని కాదు. 'క్లాత్' గుడ్డ, 'క్లోత్స్' బట్టలు.

ఇరానీ హోటల్‌లో "రెండు చాయ్" అన్నట్టే ఇంగ్లీష్‌లో 'టూ టీస్, ప్లీజ్' అనొచ్చు, కప్పు అని చెప్పకపోయినా అర్థమవుతుంది కాబట్టి.

జతగా ఉండేవి ఇంకో రకం. కత్తెర, ప్యాంటు మనకి ఒకటే, వాళ్లకి 'సిజర్స్', 'ప్యాంట్స్' బహువచనం. 'మై ప్యాంట్స్ ఆర్ టైట్'. ఒకటి అని చెప్పాలంటే 'ఎ పెయిర్ ఆఫ్'.

మెట్టు 7: క్రియ

అన్‌కౌంటబుల్‌కి ఎప్పుడూ ఏకవచన క్రియ. 'మ్యాథమెటిక్స్', 'ఫిజిక్స్', 'ఎకనామిక్స్' సబ్జెక్టు పేర్లుగా ఏకవచనాలే. 'పోలీస్', 'పీపుల్', 'క్యాటిల్' ఎస్ లేకపోయినా బహువచనాలు, కాబట్టి "పోలీసు వచ్చాడు" అనాలంటే 'ఎ పోలీస్‌మ్యాన్ కేమ్', 'పోలీస్ ఆఫీసర్' ఇంకా మంచిది. డబ్బు, దూరం, కాలం మొత్తంగా ఒకటే అనుకుంటే ఏకవచనం: 'ఫైవ్ హండ్రెడ్ రూపీస్ ఈజ్ ఎనఫ్'. 'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్', కానీ 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్', మొదటిది చాలామంది అని, రెండోది ఆ సంఖ్య అని.

మన మర్యాద ఇక్కడ అడ్డం పడుతుంది. "నాన్నగారు వచ్చారు" అని గౌరవంగా బహువచనం పెట్టే అలవాటున్నవాళ్లకి 'మై ఫాదర్ హాజ్ కమ్' అనడం ఏకవచనంలో పిలిచినట్టు అనిపించి 'హావ్' అంటారు. ఇంగ్లీష్‌లో ఎంత పెద్దవాళ్లయినా 'హాజ్', 'ఈజ్'లే. ఆ మర్యాద వాళ్లకీ ఒకప్పుడు ఉండేది, నువ్వుకి 'దౌ', మీరుకి 'యూ' అని. నువ్వు మూలపడింది, మీరు మిగిలింది, అందుకే ఒక్కడితో మాట్లాడినా 'యూ ఆర్' అని బహువచన క్రియ వస్తుంది.

రోజూ చేయాల్సిన పని

ఫోన్లో లెర్నర్స్ డిక్షనరీ ఒకటి పెట్టుకోండి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మ్యాన్ ఏదైనా సరే, మాట పక్కన సి అని ఉంటే కౌంటబుల్, యు అని ఉంటే అన్‌కౌంటబుల్, రెండూ ఉంటే రెండు ముఖాలది. మెట్రోలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వెళ్లేలోపు కనిపించే బోర్డుల్లోంచి రోజుకి మూడు మాటలు తీసుకుని చూడండి. మీరు పంపిన పాత మెయిళ్లు తిరగేయడం ఇంకా మంచిది, కాస్త సిగ్గేస్తుంది గానీ బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు ఈ మెసేజ్ సరిచేయండి, కిందికి చూడకుండా: 'సార్, వన్ ఆఫ్ మై ఫ్రెండ్ ఈజ్ కమింగ్ టుడే విత్ మెనీ లగేజెస్. ఐ హావ్ సమ్ వర్క్స్ యట్ స్టేషన్. ప్లీజ్ గివ్ మీ టూ డేస్ లీవ్ అండ్ యాన్ అడ్వైస్ అబౌట్ ది సాఫ్ట్‌వేర్స్.'

'ఫ్రెండ్స్' అవ్వాలి. 'ఎ లాట్ ఆఫ్ లగేజ్'. 'సమ్ వర్క్', స్టేషన్ ముందు 'ది'. 'సమ్ అడ్వైస్', 'ది సాఫ్ట్‌వేర్'. ఏడోది 'టూ డేస్ లీవ్', అది పలకడానికి సరైనదే, రాసేటప్పుడు మాత్రం డేస్‌లో ఎస్ తర్వాత పైన ఒక కామా లాంటి అపాస్ట్రఫీ పెట్టాలి, రెండు రోజుల సెలవులో ఆ 'ల' ఉంది చూశారా, అదే ఇది.